మయొనైజ్ ప్రత్యామ్నాయాల ఉపసంఘం

మనుషుల ఆరోగ్యానికి పొంచి ఉన్న ముప్పుల్లో అతి పెద్దది చికెన్ సలాడ్‌లోని మయొనైజేనని ఆ కార్యాలయం ఒక సోమవారం ఉదయం ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకుముందే వైద్య పరీక్షల్లో పెద్దసారుకి కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలింది. (పెద్దసారు క్యాంటీన్ గడప తొక్కి ఎరగరు. అయినా ముప్పు ఎక్కడున్నా ముప్పే.)

వెంటనే మయొనైజ్ ప్రత్యామ్నాయాల ఉపసంఘం వెలిసింది. స్టోర్స్ గుమాస్తాను దానికి కన్వీనర్‌గా వేశారు. ఆయన చేసిన నేరమల్లా ఆ మీటింగుకి వెళ్లకపోవడమే. ఆ సమయానికి క్యాంటీన్‌లో కూర్చుని అదే సలాడ్ తింటున్నాడు. రోజు మొత్తం మీద ఆయనకు ప్రాణం లేచివచ్చే వేళ అదొక్కటే.

ఉపసంఘం పని పద్ధతిగా మొదలైంది. ముందు అవకాడో గుజ్జు తెప్పించారు. రుచి బాగానే ఉంది గానీ, అధికారులందరి సంతకాలు పడేలోపే నల్లబడింది. నల్లబడ్డ పదార్థం మీద సంతకం చేసే అధికారం తనకు లేదని చివరి అధికారి వెనక్కి పంపాడు. తర్వాత ఉడికించిన శనగల ముద్ద వచ్చింది. మధ్యాహ్నం సమావేశాల్లో దాని పర్యవసానాల మీద (ముఖ్యంగా ధ్వని విషయంలో) పరిపాలనా విభాగం అభ్యంతరం తెలిపింది. ఆలివ్ నూనె కూడా నూనే కాబట్టి ముందు వాహనాల విభాగానికి చూపించాలని అకౌంట్స్ వాళ్లు పట్టుబట్టారు. తమ బండ్లకు అది పనికిరాదని వాహనాల విభాగం రాసిచ్చింది.

ఇక మిగిలింది పెరుగు. ఆ ముక్క అడగడానికి గుమాస్తా వంటగదిలోకి వెళ్లాడు. వంటావిడ ఉడికిన కోడిమాంసాన్ని పీలికలు చేస్తోంది. పక్కన కుళాయికి వేలాడదీసిన గుడ్డమూటలోంచి నీళ్లు చుక్కచుక్కగా కారుతున్నాయి.

"అమ్మా, మయొనైజ్ బదులు గట్టి పెరుగు వేస్తే ఎలా ఉంటుందంటావ్?"

ఆవిడ చెయ్యి ఆపలేదు. "రోజూ తింటున్నారుగా అన్నయ్యా. ఎలా ఉందో మీరే చెప్పాలి."

"అంటే?"

"మయొనైజ్ కావాలని మీ స్టోర్స్‌కి రాసిచ్చి రెండేళ్లయింది. ఒక్క సీసా ఇచ్చారా? ఆకలితో వచ్చి నిలబడితే ఏం పెట్టను? పెరుగు వడకట్టి, కాస్త ఆవపొడి, మిరియాల పొడి కలిపాను. ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు."

ఆవిడ రాసిచ్చిన కాగితం ఎక్కడుందో గుమాస్తాకు తెలుసు. తన టేబుల్ ఊగకుండా పొట్టికాలి కింద మడిచి పెట్టినవాటిలో అదీ ఒకటి. ఇప్పుడు నిజం చెబితే ఉపసంఘం పని అక్కడితో పూర్తవుతుంది. తన ఉద్యోగం కూడా.

సాయంత్రం భార్యతో చెప్పుకున్నాడు.

"చెప్పేయండి. పెరుగేగా, విషం కాదుగా," అందావిడ.

"పెరుగు వెయ్యడం తప్పు కాదే. మయొనైజ్ ఇవ్వకపోవడం తప్పు."

"ఇవ్వకపోబట్టే కదండీ అందరూ గుండ్రాయిల్లా ఉన్నారు?"

"అది రాయడానికి ఫారంలో గడి లేదు."

తుది రుచి పరీక్ష రోజున రెండు గిన్నెలు పెట్టారు. ఒకదాని మీద 'మయొనైజ్', రెండోదాని మీద 'పెరుగు' అని చీటీలు అంటించారు. రెండూ వంటావిడ ఒకే బేసిన్‌లోంచి తీసినవే.

"ఇదీ మయొనైజంటే! నోట్లో వెన్నలా కరిగిపోతోంది," అన్నారు రుచి చూడ్డానికి ఉపసంఘం పిలిపించిన ఆరోగ్య సలహాదారు. రెండో గిన్నెలోది నాలుకకి తగలగానే మొహం చిట్లించారు. "ఇది తింటే ఆస్పత్రిలో పడుకున్నట్టుంది."

గుమాస్తా నోరు తెరిచాడు.

"కన్వీనర్ గారు ఏదో చెప్పబోతున్నారు," అన్నారు సలహాదారు.

"ఏం లేదు సార్. మంచినీళ్లు కావాలి."

మయొనైజ్‌కి ప్రత్యామ్నాయం లేదని, దాన్ని యథాతథంగా కొనసాగించాలని, స్టోర్స్ నుంచి సరఫరాలో ఏ లోటూ రాకూడదని ఉపసంఘం సిఫార్సు చేసింది. మర్నాడే సీసాలు పెట్టెలకొద్దీ దిగాయి.

"ఇప్పుడెందుకన్నయ్యా ఇవి?" అంది వంటావిడ.

"వెయ్యమ్మా. ఆర్డరు," అన్నాడు గుమాస్తా, ఆవిడ మొహం చూడకుండా. ఆవిడ కుళాయికున్న గుడ్డ విప్పి, పిండి, ఆరేసింది.

వారం తిరక్కుండానే ఉద్యోగులంతా కలిసి ఫిర్యాదు పెట్టారు. ఆరోగ్యం పేరు చెప్పి సలాడ్‌లో ఏదో జిడ్డు పదార్థం కలుపుతున్నారని, కడుపు బరువెక్కి కుర్చీల్లోనే కునుకు పడుతోందని, దయచేసి తమ పాత మయొనైజ్ తమకు ఇప్పించాలని అందులో కోరారు.

దానికి జవాబు రాసే పని గుమాస్తా మీదే పడింది. ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకున్న పెరుగు సలాడ్ తింటూ ఆయన ఒక్క వాక్యం రాశాడు. పెద్దసారు సంతకం పెట్టారు.

"ఆరోగ్యంగా ఉండాలంటే నోరు కట్టుకోక తప్పదని ఉద్యోగులకు తెలియజేయడమైనది."