పాతది కంపెనీకి, కొత్తది ఇంటికి

యుద్ధంలో కొడుకు పోయిన ఇంటికి వారం తిరక్కుండా కొత్త కొడుకును పంపే పద్ధతి పెట్టింది కంభంపాటి నరహరిరావుగారే. అంతకుముందు ఆయన బెజవాడలో హంసధార మిక్సీల కంపెనీకి మేనేజింగ్ డైరెక్టరు. యుద్ధం మొదలయ్యాక ప్రభుత్వం ఆయన్ని పిలిచి రక్షణ శాఖలో పెద్ద కుర్చీ వేసింది.

కుర్చీలో కూర్చున్న రోజే జబ్బెక్కడుందో ఆయన పట్టేశారు.

"యుద్ధం బాగానే ఉందండీ. అమ్మాక సర్వీసే లేదు," అన్నారు మంత్రిగారితో. "మిక్సీ కాలిపోయిందని జనం మనల్ని తిట్టరు. మార్చి ఇవ్వకపోతే తిడతారు."

మంత్రిగారు ముచ్చటపడ్డారు. హంసధార వారి దసరా ఎక్స్ఛేంజి మేళా ఉన్నదున్నట్టు రక్షణ శాఖలో అమల్లోకి వచ్చింది. పాతది కంపెనీకి, కొత్తది ఇంటికి. పోయినవాడి శవాన్ని శాఖే ఉంచుకుని, ఎత్తూ లావూ సరిచూసి, తల దువ్వి, కొత్త కొడుకును జీపులో దింపి వెళ్లేవారు. మొదట్లో తల్లులు గోల పెట్టారు. గుమ్మంలో నిలబడ్డవాడికి ఆకలేస్తోందని కనిపెట్టాక లోపలికి రమ్మన్నారు. ఫిర్యాదులు తగ్గాయి, యుద్ధం సాఫీగా సాగింది. సన్మానాల శాలువాలతో నరహరిరావుగారింట్లో బీరువా తలుపు పడటం మానేసింది.

ఆషాఢంలో ఆయన సొంత కొడుకు శశిధర్ పోయాడు. ఆయన కుమిలి కుమిలి ఏడ్చారు. సెలవు మాత్రం పెట్టలేదు. శనివారం జీపు వచ్చింది. దిగిన కుర్రాడు బూట్లు బయట విప్పి, "అమ్మా" అన్నాడు.

నరహరిరావుగారి భార్య రాజ్యం అతన్ని కూర్చోబెట్టి అన్నం వడ్డించి, భర్త వైపు తిరిగింది.

"ఈ పిల్లాడు ఉంటే ఉంటాడండీ, నాకేం బరువు కాడు. మన శశిని ఒక్కసారి తెప్పించండి. నీళ్లు పోసి పంపేస్తాను."

"పాతది తిరిగివ్వరు రాజ్యం."

"ఆ రూలు పెట్టింది మీరేగా."

"నీకిస్తే ఊరంతా అడుగుతారు."

"అడిగితే ఏం?"

"ఇంటింటికీ పాతవి చేరాయంటే యుద్ధం ఆపెయ్యాల్సొస్తుంది," అన్నారాయన ఓపిగ్గా.

రాజ్యం వెళ్లి కుర్రాడి దగ్గర కూర్చుంది.

"నీ పేరేంటి నాన్నా?"

"శశిధర్ అని చెప్పమన్నారండి."

"అది కాదు. మీ అమ్మ పెట్టింది."

కుర్రాడు ముద్ద మింగాడు. "దాంతో పనిలేదండి. నన్నిటు పంపారని మా అమ్మ దగ్గరికి ఇంకొకణ్ణి పంపారు."

"చూశావా," అన్నారు నరహరిరావుగారు, "ఎక్కడా లోటు రానివ్వలేదు."

రాజ్యం ఆ కుర్రాడికి పెరుగు వేసింది.