క్రాప్ చేసిన కాటు

లోకంలో దయ తగ్గిపోయిందని బాధపడేవాళ్లంతా ఒక్కసారి మా అపార్ట్‌మెంట్‌కి రండి. దయ ఎక్కడికీ పోలేదు. ఫోన్ కెమెరాలో ఉంది! ఫోన్ ఎత్తి పట్టుకుంటే చాలు, కుళాయి తిప్పినట్టు కారుతుంది.

పేపర్ తిరగేయండి. ఒక పేజీలో మూగజీవాల మీద హింస, పక్క పేజీలో మానవ హక్కుల ఉల్లంఘన. ఇవన్నీ ఎందుకు జరుగుతున్నాయంటారు? ఆ సమయానికి అక్కడ కెమెరా లేక! ఈ సంగతి నేను బాగా ఆలోచించే చెబుతున్నాను. నలుగురిలో నోరు పెగలనిదాన్ని కాబట్టి, ఆలోచించడానికి నాకు బోలెడు తీరిక.

ఊళ్లో బడి చదువైపోయి, కాలేజీ కోసం పెద్దమ్మ ఇంట్లో ఉంటున్నాను. మా పెద్దమ్మ ‘మూగప్రాణి మిత్రులు’ గ్రూప్‌కి అధ్యక్షురాలు. దోమని కూడా “పాపం” అనే కొడుతుంది.

పోయిన నెల ఓ ఆదివారం, మూత తీసి ఉన్న డ్రైనేజీ గుంతలో వీధికుక్క ఒకటి పడింది. క్షణాల్లో పన్నెండు మంది, పన్నెండు ఫోన్లు! అంత అదృష్టం ఏ కుక్కకి పడుతుంది? ఒకాయన తన ఏడుపు సరిగ్గా రాలేదని రెండోసారి తీసుకున్నాడు కూడా. గుంతలోకి మాత్రం ఎవరూ దిగలేదు. దిగితే వీడియో ఎవరు తీస్తారు?

చివరికి డ్రైనేజీ అతన్ని పిలిచారు. ఏళ్ల తరబడి మా వీధి గుంతలన్నీ దిగేది అతనే.

“చేతులకి తొడుగులేమైనా ఉన్నాయా అమ్మా?” అన్నాడు.

“ముందు దిగవయ్యా! అవతల ప్రాణం పోతుంటే!” అంది పెద్దమ్మ.

“ఎవరిదమ్మా?” అని నవ్వి, దిగాడు.

మెడ దాకా మురికిలో నిలబడి కుక్కని పైకెత్తాడు. బెదిరిపోయిన కుక్క అతని చెయ్యి కొరికింది. అయినా అతను వదల్లేదు.

ఇదంతా తీసింది నేనే. నేను మాట్లాడను కాబట్టి, మధ్యలో నా గొంతు పడదని ఆ పని నాకిచ్చారు. పెద్దమ్మ వీడియో చూసి, “ఆ మురికి మొహం ఎందుకే? చూసేవాళ్ల మనసు కుక్క మీదనుంచి మళ్లిపోతుంది. క్రాప్ చెయ్యి” అంది. చేశాను. కుక్కా, దాన్ని ఎత్తిన వేళ్లూ మిగిలాయి. కాటు తెర అంచు అవతలికి పోయింది.

గ్రూప్‌లో పెట్టగానే “ఆ దేవుడి చేతులు ఎవరివి?” అని ఎవరో అడిగారు. “మనందరివీ” అని పెద్దమ్మ జవాబిచ్చింది.

కుక్కకి గంటలో పేరొచ్చింది: ప్రిన్సెస్. కారు, డాక్టరు, టీకా, మెత్తటి తువ్వాలు. అతనికి గేటు బయట కుళాయి, అరిగిపోయిన సబ్బుముక్క. అతని పేరు ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మరి కరిపించుకున్న మనిషికి సూది వద్దా అంటారేమో. ఎంత తొందరపాటు! క్రాప్ చేసిన వీడియోలో కాటే లేదు. లేని కాటుకి సూదేమిటి?

మర్నాడు అతను వాచిన చేత్తో గేటు దగ్గరికొచ్చాడు. “అమ్మా, ఆసుపత్రికి పోదామంటే మా మేస్త్రీ పనిలోంచి వదలట్లేదు. మీలాంటివాళ్లు ఒక్క మాట చెబితే... ఆ కుక్కకి వేయించిన సూదే నాకూ...”

“అది జంతువుల డాక్టరయ్యా!” అంది పెద్దమ్మ, చాలా న్యాయంగా.

నోటితో చెప్పే ధైర్యం నాకెప్పుడూ లేదు. వేలికి మాత్రం ఎక్కడినుంచో వచ్చింది. క్రాప్ చేయని వీడియో గ్రూప్‌లో పెట్టేశాను.

అరగంటలో మూడు కార్లు కదిలాయి! “మా ఇంటి మనిషండీ, పంపకపోతే ఎలా?” అని పెద్దమ్మ మేస్త్రీని ఫోన్లోనే దులిపేసింది. ఆసుపత్రిలో అతనికి సూది వేస్తుంటే ఎనిమిది మంది ఓదార్చారు. నేను వీడియో తీశాను. ఈసారి క్రాప్ మాట ఎవరూ ఎత్తలేదు. “అందరం పడ్డామా?” అని మాత్రం అడిగారు.

“మొత్తం ఐదు సూదులు. తప్పకుండా అన్నీ వేయించండి. కుక్కకాటుతో ఆటలొద్దు” అంది నర్సు.

రెండో సూది రోజు అతను చీటీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఒక్కరూ కిందికి రాలేదు.

“మళ్లీనా? వీడియో పెట్టేశాం కదే!” అంది పెద్దమ్మ. నిజమే కదా. చూసిన సినిమా మళ్లీ ఎవరు చూస్తారు?

నేను ఫోన్ ఎత్తి పట్టుకున్నాను, అంతే. పెద్దమ్మ జుట్టు సవరించుకుంది. గొంతు మెత్తబడింది. “పాపం, చెయ్యి ఇంకా నొప్పిగా ఉందా నాయనా? పద పద” అంటూ కారు తాళాలు తీసింది. మేస్త్రీకి ఫోన్ చేసింది. దారిలో అతని పేరు కూడా అడిగింది!

కాబట్టి పాఠకులారా, ఫోన్లని తిట్టకండి. మూడోసారీ, నాలుగోసారీ, ఐదోసారీ అలాగే ఎత్తి పట్టుకున్నాను. సూదులన్నీ పూర్తయ్యాయి. అతని చెయ్యి మానింది.

ఆ నాలుగు వీడియోలు గ్రూప్‌లో ఎప్పుడు పెడతావని పెద్దమ్మ రోజూ అడుగుతోంది. ఏం పెట్టను? నేను ఒక్కసారి కూడా రికార్డు మీట నొక్కలేదు.