డీజిల్ ధర వల్ల నారాయణరావుగారికి కలిగిన లాభాలు

చమురు ధర పెరిగిందని ఏడ్చేవాళ్లని చూస్తే జాలేస్తుంది. అది పెరగబట్టే కదండీ, చాట్రాయిలో ఎనిమిదెకరాల మామిడితోట ఉన్న నారాయణరావుగారు ప్రపంచజ్ఞాని అయ్యారు!

ఒకప్పుడు ఆయనకి నూజివీడు దాటితే ప్రపంచం లేదు. ఇప్పుడో? గల్ఫులో ఎక్కడో ఓడ ఆగిందంటే చాట్రాయిలో ఈయనకి ముద్ద దిగడం లేదు. ఇంతటి చదువు ఏ యూనివర్సిటీ చెబుతుంది? పైగా బండికి పెట్రోలు దండగని తోటకి నడిచి వెళ్తున్నారు, షుగరు తగ్గింది. అదే లెక్కన చుట్టాలు రావడం మానేశారు, ఇంట్లో కాఫీపొడి మిగులుతోంది.

అసలు మేలు షేర్ల దగ్గర జరిగింది. ఆయన తోటలో ఫోనుకి సిగ్నల్ ఉండదు. కాయ ధర కనుక్కోవాలంటే మోటారు షెడ్డు ఎక్కాలి. అందుకే, టవర్‌తో పనిలేకుండా నేరుగా ఉపగ్రహంతో మాట్లాడే ఫోన్ల కంపెనీ ఒకటి ఉందని మేనల్లుడు ఫణి చెప్పగానే, నిరుడు ఆయన చెవులు నిక్కపొడుచుకున్నాయి.

"లాభాలొస్తున్నాయంట్రా?"

"ఇంకా లేదు మామయ్యా. ఐదారేళ్లు పడుతుందంటున్నారు."

"అంటే పూత మీదుందన్నమాట!"

ఈ ప్రాంతంలో మామిడితోటని చాలామంది పూత మీదే బేరమాడతారు. కాయ కనపడేదాకా ఆగేవాణ్ని చూసి నవ్వుతారు. నారాయణరావుగారు ఆ కంపెనీ రాకెట్టు బొమ్మని ఫోనులో పెద్దది చేసి చూశారు. పూత దట్టంగానే ఉందని తేల్చారు. పంట మీద వచ్చిన డబ్బంతా షేర్లలో పెట్టేశారు. ఆకాశంలో పూతని మాడ్చేసే తేనెమంచు పురుగు ఉండదు కదా!

ఉండదు. కానీ చమురు ఉంది. చమురు పెరిగితే వడ్డీలు పెరుగుతాయట, వడ్డీలు పెరిగితే లాభం రాని కంపెనీని ఎవరూ ముట్టుకోరట. ఈ సంగతి ఫణి డబ్బు పెట్టాక చెప్పాడు. షేరు పావు వంతుకి వచ్చింది. అందులోనూ అదృష్టమే చూడండి. తోటలో సిగ్నల్ లేదు కాబట్టి, అక్కడ ఉన్నంతసేపూ ఆ షేరు పడదు. ఆయన నూజివీడు వచ్చినప్పుడే పడుతుంది.

పోయిన వారం అక్కడి మార్కెట్‌కి వచ్చారు. ట్రాక్టరు నిండా బంగినపల్లి కాయ, పక్కన భార్య కమల. షేర్లు పోయాక ఏడాదంతా ఇల్లు గడవడానికి మిగిలింది ఈ కాయే.

కమీషన్ వ్యాపారి సుబ్బారావు ఆనవాయితీ ప్రకారం ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, నలుగురికీ కనపడకుండా వేళ్లు నొక్కి ధర చెప్పాడు. నారాయణరావుగారు ఇంకో వేలు ఉందేమోనని లోపల వెతుక్కున్నారు. లేదు.

"ఇదేంటండీ, నిరుటి ధరలో సగం?"

"డీజిల్ పెరిగిందండీ. ఢిల్లీకి లారీవాడు కిరాయి పెంచేశాడు. నేనెక్కణ్నించి తేను? కాయలోనే తగ్గించుకోవాలి."

కమల ముందుకొచ్చింది. "లారీవాళ్లు మీ మీద వేశారు, మీరు మా మీద వేశారు. మా ట్రాక్టరు కూడా డీజిలే తాగుతుందండీ. మేమెవరి మీద వెయ్యాలి?"

సుబ్బారావు చెడ్డవాడు కాదు. నిజంగానే ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించి, "మీదేముందమ్మా, సొంత తోట కదా!" అన్నాడు.

బంగినపల్లి కాయ ఎండలో ఎంతోసేపు ఆగదు. నారాయణరావుగారు తువ్వాలు కింద సరేనని చెయ్యి నొక్కారు.

కాబట్టి చమురు ధరని పెరగనివ్వండి, కంగారు పడకండి! మన దేశంలో ఎవరి మీదా ఏ భారమూ నిలవదు. ఎవరికి వాళ్లు పక్కవాడికి అందించేస్తున్నారు. చిట్టచివర నిలబడ్డవాడికి పక్కన ఎవరూ లేరు. ఏర్పాటులో అదొక్కటే చిన్న లోపం.