వంకాయలకు చేపలు

ఆ ఆదివారం పొద్దున్న సూర్యనారాయణమూర్తి మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. మాకవరపాలెం వెళ్ళి ఇరవై చేపపిల్లలు తెచ్చుకోవడం.

నర్సీపట్నం హైస్కూల్లో సైన్సు చెప్పే ఆయనకు సెంటు పొలం లేదు గాని, వ్యవసాయమంటే ప్రాణం. తొట్టిలో చేపల్ని పెంచి, ఆ నీళ్ళు గులకరాళ్ళలో నాటిన మొక్కలకు పోస్తే, మొక్కలు ఎరువు తీసుకుని నీటిని శుభ్రం చేసి మళ్ళీ తొట్టికే పంపుతాయని ఏదో పత్రికలో చదివారు. మట్టి అక్కర్లేదు, నాగలి అక్కర్లేదు. పెరట్లో సిమెంటు తొట్టి కట్టించారు. దాని పైన రేకుతొట్టి పెట్టి, గులకరాళ్ళు నింపి వంగనారు నాటారు. ఇక చేపలే తరువాయి. భార్య వర్ధనమ్మకు మాత్రం తొట్టి నీళ్ళకోసమని చెప్పారు.

తిరుగు బస్సు గతుకులో పడేసరికి చేపపిల్లల్ని పోసుకొచ్చిన పాలక్యాను మూత ఎగిరింది. ఓ చేపపిల్ల పక్కనున్న దేవుళ్లు ఒళ్ళో పడింది. దేవుళ్లుది మాస్టారి వీధి చివర కిళ్ళీకొట్టు.

"మాస్టారూ, తవఁరు కూడానా?"

"ఛఛ, తినడానిక్కాదయ్యా! వంకాయల్లోకి!"

"వొంకాయల్లోకా! ఆ పులుసు రుసే యేరండి బాబూ!"

మాస్టారు క్యాను మోసుకుంటూ నడిచి ఇల్లు చేరేసరికి, బస్టాండులో ఉంచిన సైకిలెక్కిన దేవుళ్లుతో కబురు ముందే చేరింది. గుమ్మంలో వర్ధనమ్మ నిలబడి ఉంది.

"రేపు మీ నాన్నగారి తద్దినం. చేపలు వండే ఇంటికి భోక్తగా రానని యాజులుగారు కబురంపారు. ఏవిటండీ ఇది?"

"ఎరువుకోసవే! చేపలు విసర్జించిందే మొక్కకు బలం."

"అలా పెరిగిన వంకాయ దేవుడికి పెట్టమంటారా?"

"పేడతో పెరిగింది పెట్టడం లేదుటే?"

వర్ధనమ్మ కళ్ళు తుడుచుకుంది. తండ్రి తద్దినం తప్పిపోతుందంటే మాస్టారు ఎరువు వాదన అక్కడే వదిలేశారు. ఈలోగా వీధివీధంతా ప్రహరీ చుట్టూ మూగింది. వాళ్ళను తోసుకుంటూ చేపలమ్మే సింహాద్రమ్మ గంపతో వచ్చింది. ఆమెదాకా వెళ్ళేసరికి కబురు ఇంకాస్త పెరిగింది.

"పంతులుగోరూ! సేపల సెరువు తవ్వి సగం రేటుకి అమ్ముతన్నారంట! నా పొట్ట కొడతారేటి?"

మాస్టారు ఆమెను పెరట్లోకి తీసుకెళ్ళి, క్యానులోని చేపల్ని తొట్టిలో వదిలి చూపించారు. చిటికెనవేలంతైనా లేని చేపలు. నీళ్ళు ఎటు పోయి ఎటు వస్తాయో ఓపిగ్గా చెప్పారు. ఊళ్ళో ఆయన మాట చివరిదాకా విన్నది సింహాద్రమ్మ ఒక్కతే.

"సేప నీరు వొంకాయికి, వొంకాయి నీరు సేపకి! బాగుంది బాబూ," అని వీధివైపు తిరిగింది.

"సేపలు తినీవోళ్ళెవులో నాకు తెల్దేటి? ఈ పంతులుగోరి గుమ్మం నానేనాడూ తొక్కనేదు. మరి ఈ ఈదిలో దొడ్డిదారిన ఎవులెవులికి ఇస్తన్నానో బేగి సెప్పీమంటారా?"

ఒకరికి పొయ్యిమీద పాలు గుర్తొచ్చాయి. ఇంకొకరికి ఏదో పెళ్ళి గుర్తొచ్చింది. గోడవతల యాజులుగారు గట్టిగా దగ్గారు. నిమిషంలో వీధి ఖాళీ అయింది.

తద్దినానికి భోక్తలు ఇద్దరు చాలు. మర్నాడు పొద్దున్నే అయిదుగురు వచ్చారు.