తాతాజీ జ్వరం

కొల్లేటి లంకల్లో ఇకమీదట ఎవరూ శాస్త్రీయమైన ఆధారం లేకుండా చలికి వణకనక్కర్లేదని ఆరోగ్యాభివృద్ధి సంఘం అధ్యక్షులు వెంకట్రాజు గారు ఏలూరు సభలో ప్రకటించారు. వియన్నా నుంచి వచ్చిన రీసెర్చి ఫెలో డాక్టర్ తాతాజీ గారు మలేరియా మీద పరిశోధనకు మా లంకనే ఎంచుకున్నారట.

ఫెలో గారి పరిచయం చాలాసేపు సాగింది. పుట్టుక తాడేపల్లిగూడెం. మద్రాసులో వైద్యం, ఎడింబరాలో డాక్టరేటు, వియన్నాలో దోమ కాలి మీద పరిశోధన.

"ఏ కాలండీ?" అని వెనక వరసలోంచి ఒకాయన అడిగారు.

"వెనక కాలండీ. ముందు కాళ్ళు జర్మనీ వారు చూసుకుంటున్నారు," అన్నారు అధ్యక్షులు. సభ హర్షించింది.

నేను మా లంక మిషన్ బడిలో చదువుకుని, అక్కడే చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను. మా సత్యవతి పిన్నికి రోజు విడిచి రోజు చలిజ్వరం. సంఘం వారు పంపే క్వినైన్ బిళ్ళలతోనే లేచి తిరుగుతోంది. ఇక్కడ మలేరియా ఉందని ఫెలో గారు తేలిస్తే మందు ఏడాది పొడుగునా వస్తుందని, లేదంటే ఆగిపోతుందని అధ్యక్షులు చెప్పారు. రెండూ ఒకే చిరునవ్వుతో చెప్పారు.

"అంత పెద్దమనిషి వస్తుంటే ఊరు ఇలాగా ఉండేది?" అంది పిన్ని.

ఊరంతా కదిలింది. గోడలకు సున్నం వేశారు. గుంటల్లో కిరసనాయిలు పోశారు. ఇంటింటా వేపాకు పొగ పెట్టారు. జ్వరంతో ముసుగుతన్నిన వాళ్ళను తెల్లవారుతూనే పడవెక్కించి ఆకివీడు చుట్టాల ఇళ్ళకు పంపేశారు.

"ఆయన చూడ్డానికి వచ్చేది వాళ్ళనే కదా పిన్నీ?"

"ఇంటికొచ్చిన వాళ్ళకి జబ్బు మనుషుల్ని చూపిస్తామా? నీకు చదువెక్కువైందే," అంది.

ఫెలో గారు టోపీతో, గాజు గొట్టాలతో దిగారు. గడపగడపా వెతికారు. చూరుల్లో కూడా చూశారు. ఒక్క దోమ కనబడలేదు.

"స్ట్రేంజ్!" అన్నారు.

"అంతా తమరి రాక ప్రభావమండీ," అన్నారు వెంకట్రాజు గారు.

భోజనాల దగ్గర కొరమీను పులుసు వడ్డిస్తూ పిన్ని వణికింది. గరిటె గిన్నెకు కొట్టుకుని గణగణమంది.

"ఏమమ్మా, వణుకుతున్నావు? జ్వరమా?"

"అబ్బే, జ్వరమేంటండీ! తమంతటివారి ఎదుట నిలబడ్డాను కదండీ."

నేను నోరు తెరిచాను. పిన్ని నా కాలు తొక్కింది.

"దోమ లేదు. రోగి లేడు. కనక మలేరియా లేదు," అని ఫెలో గారు తేల్చి సంతకం పెట్టారు.

"నా పదవీకాలంలోనే పోయిందండీ!" అంటూ అధ్యక్షులు కళ్ళు తుడుచుకున్నారు. మిగిలిన క్వినైన్ మద్రాసుకు తిప్పి పంపమని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చారు.

పొగకు పారిపోయిన మా దోమలన్నీ నీటి ఒడ్డున కిక్కిస గడ్డి పొదల్లో ఉన్నాయి. సాయంత్రం తిరుగు పడవ ఆ పొదల పక్కకు వెళ్ళగానే ఫెలో గారు చప్పట్లు కొట్టసాగారు. మధ్య మధ్య చెంప మీదా, మెడ మీదా కూడా కొట్టుకున్నారు. అది అభినందన అనుకుని అధ్యక్షులూ చప్పట్లు కొట్టారు. వారిని చూసి ఒడ్డున మేమూ కొట్టాం.

మందు ఆగింది. పిన్ని మంచం పట్టింది. మళ్ళీ మందు ఇప్పించమని అడగడానికి ఏలూరు వెళ్ళాను. అధ్యక్షులు నన్ను ఫెలో గారి బంగళాకే తీసుకెళ్ళారు. ఆయన రగ్గుల కింద ఉన్నారు. మంచం గడగడలాడుతోంది.

"క్వినైన్... క్వినైన్!"

"తమరి మాట మీద తిప్పి పంపేశామండీ."

"తెప్పించండి! ఇది మలేరియా!"

"అదెలా కుదురుతుందండీ? అక్కడ లేదని తమరే సంతకం పెట్టారు."

ఫెలో గారు రగ్గులోంచి తల బయటపెట్టి ఆలోచించారు. వణుకుతూ కూడా అంతలా ఆలోచించగలిగిన వారిని నేను అదివరకు చూడలేదు.

"నిజమే. అయితే ఇది కొత్త జబ్బు," అన్నారు.

సంఘం సభ పెట్టి దానికి తాతాజీ జ్వరమని నామకరణం చేసింది. ఆయన మద్రాసు వెళ్ళి, క్వినైన్‌తో కోలుకుని, ఆ కొత్త జబ్బు మీద మరో ఫెలోషిప్ సంపాదించారు.

"మా పిన్నికీ ఆ జ్వరమేనండీ. మందేంటండీ?" అని అధ్యక్షుల్ని అడిగాను.

"కొత్త జబ్బుకి అప్పుడే మందెక్కడిదమ్మా? పరిశోధన జరగాలి. అందుకే వారు మళ్ళీ మీ ఊరే వస్తున్నారు."

ఆ మాటే ఇంటికొచ్చి పిన్నికి చెప్పాను. దుప్పట్లోంచి తల పైకెత్తింది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"మళ్ళీ వస్తారా? అయితే వెళ్ళి వేపాకు కోసుకురావే," అంది.