గోనెసంచిలో తుపాకీ బోల్టులు

తుపాకీని నూనెబట్టతో తుడవాలి. లైసెన్సు జిరాక్సు తీయాలి. సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి కాబట్టి తుపాకీని ఠాణాలో అప్పజెప్పాలి. రసీదు భద్రంగా దాచుకోవాలి. మా చిన్నాన్న, హనుమండ్లు కాక, ఇవన్నీ చేశాడు. రాతకోతలు నేను చూసుకున్నా. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే మరి!

మంథని దిక్కు మా ఊళ్లో మక్కచేన్ల మీద పడే అడవిపందులను కాల్చడానికి అనుమతి ఉన్నది కాకకే. అయినా ఘంటాపథంగా చెబుతున్నా: పేలని తుపాకీని మించిన వరం రైతుకు లేదు!

బోల్టు అంటే తెలుసు కదా? తుపాకీకి తలుపు గడియ లాంటిది. తూటాను లోపలికి నెట్టి మెలిపెడితే బిగుసుకుంటుంది. ఉక్కు కడ్డీని లేతు మీద చెక్కి, లోపల తూటాను పేల్చే సూదికీ స్ప్రింగుకూ దారి తొలిచి, బిగుసుకోవడానికి చెవులు మిగిల్చి, కొలిమిలో కాల్చి గట్టిపరుస్తారు. ఆ చెవులు సరిగ్గా కూర్చోకపోతే పేలుడు కాల్చినవాడి మొహానికే తగలొచ్చు. అందుకే ఏ బోల్టును ఆ తుపాకీకే సరిచూసి, రెండింటి మీదా ఒకటే నంబరు కొడతారు.

ఎంత సంకుచితం! మా ఠాణావారిది విశాల హృదయం. భద్రత కోసమని అన్ని తుపాకుల బోల్టులూ ఊడదీసి ఒకే గోనెసంచిలో పోశారు. ఏది ఎవరిదో తెలియదు. సమసమాజం అంటే ఇదే కదా!

ఎన్నికలయ్యాక జమేదారు సంచిలో చెయ్యి పెట్టి, చేతికి దొరికింది ఇచ్చాడు.

"సార్, గిది నాది గాదు. నంబరు జూడుండ్రి."

"అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి గదనయ్యా! పట్టకపోతే జర సుత్తెతోటి కొట్టు."

"పేలితే నా మొకం పోతది సార్!"

"అయితే కాల్చకు. ఫికరెందుకు?"

ఎంత శాస్త్రీయమైన సలహా! కాక తుపాకీ కాల్చలేదు. పందులు కుటుంబ సమేతంగా వచ్చి భోంచేశాయి. తూటాల ఖర్చు మిగిలింది. కోత కోసే శ్రమ తప్పింది. ఇంతకన్నా రైతు సంక్షేమం ఇంకేముంటుంది?

పక్క చేను బుచ్చవ్వకే ఈ అభివృద్ధి అర్థం కాలేదు. "ఏంది తమ్మీ, తుపాకి దెచ్చినవా, రోకలి దెచ్చినవా?" అని కాకను ఎగతాళి చేసి, స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని తానే చేన్లోకి దిగింది. ఆమెకున్నది ఆ ఎకరమే.

పందులు పళ్లెం మోతకు బెదరలేదు. ఒకటి తిరగబడి ఆమె తొడ చీల్చింది. కాక తుపాకీని కర్రలా తిప్పుతూ ఉరికేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

ఒక్క తూటా పేలలేదు. శాంతిభద్రతలకు ఏ లోటూ రాలేదు. కాక బోల్టు ఇంకా ఆ సంచిలోనే ఉంది. బుచ్చవ్వ కరీంనగర్ ఆసుపత్రిలో ఉంది.

మీరు మక్క కంకి కాల్చుకుని ఉప్పూకారం రాసేటప్పుడు, ఒక్కసారి ఆమెను యాది చేసుకోండి.