పెడల్ నోరు మూసుకున్న ఆదివారం

శనివారం పొద్దున ఆల్వెస్టర్ గెయిన్స్ పెట్టుకున్న పనులు రెండే. పెడల్‌లో వాల్యూమ్ కంట్రోలు మార్చడం, ఆ తర్వాత పడుకోవడం. వారమంతా స్కూలు బస్సు తోలి తోలి అతని ఒళ్ళు హూనమైపోయింది. మొదటి పని గంటలో తేలిపోతుందని, రెండోది సాయంత్రం దాకా సాగుతుందని అతని ఆశ.

మా చర్చిలో ఆర్గను లేదు. ఫ్లారిడాలో మా శాఖ చర్చిలన్నిటిలాగే ఇక్కడా స్టీలు గిటారుదే రాజ్యం. దాన్ని బల్లలా ముందు పెట్టుకుని, తీగల మీద ఇనపకడ్డీ జార్చుతూ, కుడికాలితో పెడల్ తొక్కుతూ వాయిస్తారు. పాదం ముందుకు వంచితే శబ్దం పెరుగుతుంది, వెనక్కి వంచితే తగ్గుతుంది. ఆల్వెస్టర్ తండ్రి ఆ స్టీలు వెనక కుర్చీలోనే ముసలివాడయ్యాడు. ఆయన పోయాక అదే కుర్చీలో ఆల్వెస్టర్ ముసలివాడవుతున్నాడు. అతనికి ఈ ఊళ్ళో ఇంకో హోదా లేదు, కావాలనీ లేదు.

పెడల్ లోపల వాల్యూమ్ కంట్రోలు అని ఒక గుండ్రటి వస్తువుంటుంది. దాని ఇరుసుకి దారం చుట్టి ఉంటుంది. కాలు కదిలితే దారం దాన్ని తిప్పుతుంది. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి అది కాస్తా అరిగిపోయింది. ఇప్పుడు వాయించడానికి సిద్ధమై ఆల్వెస్టర్ పెడల్ మీద కాలు మోపాడంటే చాలు, మాడిన గిన్నె గీకినట్టు స్పీకర్లోంచి కర్ర్‌మని శబ్దం వస్తుంది.

పోయిన ఆదివారం ఎల్డర్ మిమ్స్ గారు అతన్ని పక్కకి పిలిచారు. మా చర్చికి పెద్ద ఆయనే, ప్రసంగాలు చేసేదీ ఆయనే.

"బ్రదర్ ఆల్వెస్టర్, నీ పెడల్ మళ్ళీ నా నోటికి అడ్డం పడింది. మంచి ఊపులో ఉన్నాను. ఆ కర్ర్ వినేసరికి ఏం చెబుతున్నానో మర్చిపోయి ఆమేన్ అనేశాను."

"అరిగిపోయిందండీ. మార్చేస్తాను."

"మారుస్తాను మారుస్తాను అంటూనే ఉన్నావు. వచ్చే ఆదివారం బిషప్ గారొస్తున్నారు. ఆయన ముందు గాని అది నోరు విప్పిందా, ఆ కుర్చీలో మా జామార్ కూర్చుంటాడు కీబోర్డుతో. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

జామార్ ఎల్డర్ గారి మేనల్లుడు. కీబోర్డు కొత్తది. వాడి వేళ్ళు దానికంటే కొత్తవి.

అందుకని శనివారం పొద్దున్నే ఆల్వెస్టర్ వంటింటి బల్ల మీద పెడల్ విప్పి పెట్టుకున్నాడు. పోస్టులో వచ్చిన కొత్త కంట్రోలు డబ్బాలో తళతళలాడుతోంది. తీరా చూస్తే టంకం పెట్టే కడ్డీ లేదు. బావమరిది క్లీవన్ పట్టుకెళ్ళి పండగ దాటింది. ఫోన్ చేస్తే, "ఇదిగో బావా, బయల్దేరా" అన్నాడు. బయల్దేరినవాడు మధ్యాహ్నం భోజనం వేళకి దిగాడు. ఈలోపు ఆల్వెస్టర్ లోపలి దారం తెంపేశాడు.

"ఆ బల్ల నాకెప్పుడిస్తావయ్యా? పొద్దున్నుంచీ పిండి కలుపుకోవడానికి చోటు లేదు" అంది భార్య ఎర్నెస్టీన్.

"దారం తెగింది."

"ఒక్క శనివారం నువ్వు నిద్రపోతే చూడాలని నాకూ ఉందయ్యా" అని ఆవిడ పిండి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చివరికి క్లీవన్ గాలం దారం ఒక బారెడు కత్తిరించి ఇచ్చాడు. దాన్ని ఇరుసుకి చుట్టి, బిగించి, టంకాలు పెట్టి, మూత వేసేసరికి పొద్దు వాలింది. ఇంట్లో ఉన్న చిన్న స్పీకరుకి తగిలించి ఆల్వెస్టర్ కాలు మోపాడు. ఏమీ వినపడలేదు. ముందుకీ వెనక్కీ తొక్కాడు. చడీచప్పుడూ లేదు. తీగ మీటితే పాట మాత్రం వెన్నలా సాగింది. ఆల్వెస్టర్‌కి కళ్ళు చెమర్చాయి. నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో అనుకున్నాడు.

"ఈ పాతది నేను తీసుకోనా బావా? గాలానికి బరువుగా బాగుంటుంది" అన్నాడు క్లీవన్.

"తీసుకుపో. అది మళ్ళీ నా కంటపడకూడదు."

పడలేదు. సాయంత్రం కాలవలో ఏదో పెద్ద చేప గాలం దారంతో సహా దాన్ని లాక్కుపోయింది.

ఆదివారం బిషప్ గారు ముందు వరసలో కూర్చున్నారు. వెనక వంటగదిలో ఎల్డర్ గారి భార్య సిస్టర్ వర్నెల్, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చేపముక్కలకి మొక్కజొన్న పిండి పట్టించి, పెద్ద బాణలిలో నూనె కాగబెట్టారు. ఎల్డర్ గారి అంశం, బైబిల్లో దేవుడు దిగొచ్చినప్పుడు సీనాయి కొండ మీద కమ్ముకున్న పొగ. ఆయన మాటలతోనే ఆ కొండ ఎక్కడం మొదలెట్టారు.

ఎప్పటిలాగే ప్రసంగం చాలినంత సేపు సాగాక ఆల్వెస్టర్ పెడల్ మీద కాలు మోపాడు. కర్ర్ లేదు. గర్వంగా ఎల్డర్ గారి వైపు చూసి, మాట మాటకీ మధ్య స్టీలుతో మెల్లగా వంత పలికాడు. ఎల్డర్ గారి మొహం వెలిగిపోయింది.

"వింటున్నారా? స్టీలు కూడా ఔనంటోంది. చెప్పమంటోంది. సరే, చెబుతాను" అని ఆయన మళ్ళీ కొండ కిందికి దిగి, మొదట్నుంచీ ఎక్కడం మొదలెట్టారు.

ప్రసంగాన్ని మధ్యలో ఆపే అధికారం మా చర్చిలో మనుషులకి లేదు. అది ఒక్క స్టీలుకే ఉంది. ఆల్వెస్టర్ ఇంకాస్త పెంచి వాయించాడు, ముగించమని. ఎల్డర్ గారు ఇంకాస్త పెంచి చెప్పారు. అతను పెంచినకొద్దీ ఆయనకి ఊపొచ్చింది. బిషప్ గారు ఒకసారి గడియారం చూసుకున్నారు. తర్వాత చూసుకోవడం మానేశారు. పిల్లలు బెంచీల మీద వాలి నిద్రపోయారు. ఆల్వెస్టర్ పిక్కలు లాగేస్తున్నాయి, అయినా స్టీలు ఆపితే ఎల్డర్ గారేమనుకుంటారోనని కాలు తీయలేదు. ఎటూ కర్ర్ అనలేదు కదా, కుర్చీ నిలిచింది, అదొక్కటే ఊరట.

వంటగదిలో ఆడవాళ్ళు నూనె వదిలేసి తలుపు దగ్గర చెవులు రిక్కించి నిలబడ్డారు.

"ఇంకా కర్ర్ మనలేదేమిటి వదినా?" అంది ఒకావిడ.

"అంటుందిలే. ఆ కర్ర్ మన్నాక చేపలు వేస్తే, ఆమేన్ అనేసరికి వేగుతాయి. ముందేస్తే చల్లారిపోయి చెప్పు అట్టలవుతాయి" అంది సిస్టర్ వర్నెల్. ఏళ్ళ తరబడి మా ఆదివారం భోజనం ఆ లెక్క మీదే నడుస్తోంది. ఆ సంగతి ఆల్వెస్టర్‌కి తెలియదు. ఎల్డర్ గారికి అసలే తెలియదు.

అలా వాళ్ళు వింటూ ఉండగానే వెనక నూనె పొగలెత్తింది. అడుగున పడ్డ పిండి మాడి నల్లటి పొగ హాల్లోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎల్డర్ గారు మూడోసారి కొండ శిఖరం చేరారు.

"చూడండి" అన్నారాయన పొగ వైపు చెయ్యి చూపిస్తూ. "నేను చెప్పానా లేదా."

జనమంతా లేచి చేతులెత్తారు. కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, అందులో సగం పొగ వల్ల. రోడ్డు మీద పోయేవాళ్ళెవరో ఫోన్ చేసినట్టున్నారు, ఫైరింజన్ వచ్చింది. బూట్లతో, గొట్టాలతో లోపలికి వచ్చిన మనుషుల్ని ఎల్డర్ గారు రెండు చేతులా పిలిచారు.

"రండి నాయనలారా. ఆలస్యమైనా తలుపు తెరిచే ఉంది."

వాళ్ళ నాయకుడు పద్ధతిగా పెరిగినవాడు. టోపీ తీసి వెనక బెంచీలో కూర్చున్నాడు. మిగతావాళ్ళు అతన్ని చూసి కూర్చున్నారు. మా వాళ్ళు వాళ్ళకి విసనకర్రలు ఇచ్చారు.

ఈలోపు సిస్టర్ వర్నెల్ పొయ్యి ఆర్పి, నూనె ఒంపేసి, మాడిన బాణలి పట్టుకుని హాలు గుమ్మంలోకి వచ్చింది. ఆవిడకి విసుగు నెత్తికెక్కింది. మొగుణ్ణి చూస్తూ, గరిటెతో బాణలి అడుగు గీకింది.

కర్ర్.

ఎల్డర్ గారు మాట మధ్యలో ఆగిపోయారు. ఆల్వెస్టర్ వైపు ఉరిమి చూశారు. నోరు తెరిచారు, మూశారు. ఏం చెబుతున్నారో గుర్తు రాలేదు.

"ఆమేన్" అన్నారు.

"నేను కాదండీ" అన్నాడు ఆల్వెస్టర్ నీరసంగా.

మధ్యాహ్నం భోజనానికి రొట్టె, క్యాబేజీ తురుమే మిగిలాయి. ఫైరింజన్ వాళ్ళు కూడా తిన్నారు. బిషప్ గారు పళ్ళెం పక్కన పెట్టి ఎల్డర్ గారితో అన్నారు: "మిమ్స్, ఏటా ఇంత దూరం నీ చర్చికే ఎందుకొస్తానో తెలుసా? ఈ జిల్లా మొత్తంలో వేళకి ముగిసే ప్రసంగం నీదొక్కటే. ఇవాళేమైంది?"

ఎల్డర్ గారు నోరు తెరిచేలోపే ఆయన భార్య మాట్లాడింది.

"ఆయన ముగించింది ఎప్పుడండీ? ఇన్నేళ్ళూ ఆ పెడలే ముగించింది. నావల్ల ఇంట్లోనే కాలేదు."

కాసేపటికి ఎల్డర్ గారు స్టీలు దగ్గరికొచ్చారు. మొహం చూడకుండా, తీగల్ని చూస్తూ అడిగారు.

"ఆ పాతది ఎక్కడుంది?"

"కాలవలో ఉందండీ. చేప పట్టుకుపోయింది."

"అయితే ఈ కొత్తదాన్నే ఆ స్థితికి తీసుకురా. వచ్చే ఆదివారానికి అది కర్ర్ మనాలి. అనకపోతే జామార్‌ని కూర్చోబెడతాను."

"కీబోర్డు కర్ర్ మనదు కదండీ."

"వాడు వాయిస్తే చాలు, నాకు మాట మర్చిపోవడానికి."

మరుసటి శనివారం పొద్దున ఆల్వెస్టర్ మళ్ళీ వంటింటి బల్ల ముందు కూర్చున్నాడు. కంట్రోలు సందుల్లో ఇసుక పోశాడు. ఉప్పునీళ్ళు పోశాడు. మళ్ళీ బిగించి, కుర్చీలో వెనక్కి వాలి, బస్సు బ్రేకు తొక్కి తొక్కి అలిసిన ఆ కాలితోనే మధ్యాహ్నం దాకా పెడల్ తొక్కాడు. తీగ మీటితే స్పీకర్లోంచి వెన్నలాంటి పాట వచ్చింది. అతనికి ఏడుపొచ్చింది.

"వచ్చిందా?" అంది ఎర్నెస్టీన్, పిండి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని.

"రాలేదు. నాన్న కుర్చీ పోతుందే ఎర్నెస్టీన్. బాగా పనిచేస్తోందని పోతుంది."

ఆవిడ ఖాళీ డబ్బా తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, దాని మీదున్న అక్షరాలు చదివింది.

జీవితాంతం గ్యారంటీ ఇచ్చారట.